మా లిమిట్స్ కాదు

ఇరవై ఆరేండ్ల నౌకరిల
నేను ఎక్కువసార్లు రాసిన మాట
దొంగతనం కాదు, కొట్లాట కాదు:
"మా లిమిట్స్ కాదు."

కాజీపేటల ఉన్నప్పుడు, ఫాతిమానగర్ బ్రిడ్జి కింద
పేరు దెల్వని మనిషి పట్టాల మీద రెండు ముక్కలై పడుంటే
సిగ్నల్ దాటింది గనుక మీదే అని రైల్వేవాళ్లు,
పట్టా రైలుది గనుక మీదే అని మేము,
వానల టేపు పట్టి కొలిసినం.
ఒక కొస నా చేతిల ఉంది.
తల మాకొచ్చింది.
కాళ్లు వాళ్లకు పోయినయి.
ఇంటికొచ్చి టేపును సబ్బు పెట్టి కడిగిన.

మొన్న పత్తి సీజన్ల
ఏనుమాముల అవతలి జిన్నింగ్ మిల్లు నుంచి
ఒకణ్ణి తోలుకొచ్చిన్రు.
తోలుకొచ్చినోళ్లు మావోళ్లు కాదు.
సుమో నెంబరు మా జిల్లాది కాదు,
బూట్లు మావాటికన్న మంచియి.
"పైనుంచి ఆర్డర్. రాత్రికి మీ లాకప్పుల పెట్టుండ్రి,
పొద్దుగాల తీస్కపోతం."

పేరు తఫజ్జుల్.
వెంట్రుకల నిండ దూది, కనురెప్పల మీద గూడ.
ముప్పై నిండనోడు
ముసలోని తీరు కనవడ్డడు.
ఊరు మాల్దా అన్నడు.
మాల్దా కాదు, ఏరు అవతల అని వాళ్లు నవ్విన్రు.
యాస పట్టిస్తదట.

యాసా!
మానుకోట కాడ ఒక తీరు మాట,
ఏటూరునాగారం దాటితే ఇంకో తీరు.
గోదారి అవతల మా అత్తగారింట్ల నేను నోరిప్పితే
ఇప్పటికీ పిల్లలు మూతి మూసుకొని నవ్వుతరు.
నన్ను యాస మీద పట్టుకుంటే
ఏ స్టేషన్ల ఏస్తరు?
అడగలేదు. హెడ్ కానిస్టేబుల్‌ని నేను,
అడిగేటోణ్ణి కాదు.

ఎస్సై బానోతు స్రవంతి
నా బిడ్డకన్న రెండేండ్లు చిన్న.
కాయితం జూసింది. తిప్పి జూసింది.
వెనకాల ఏం లేదు.
"సార్, ఇది లెటర్. వారెంటేది?
ఏ సెక్షన్ కింద నేను తలుపెయ్యాలె?"
"చెప్తున్నం గదమ్మా, పైనుంచి..."
"ఢిల్లీ నాకు పైనే సార్, కాదంటలేను.
ఈ మనిషి పైన ఏముందో చెప్పుండ్రి."

ఒకాయన ఫోన్ వట్టుకొని వరండాలకు పోయిండు.
ఇంకొకాయన గోడ మీది బదిలీల లిస్టు
తాపీగ సదివిండు, ఆమెకు కనవడేటట్టు.

నేను జనరల్ డైరీ తెరిసిన.
రాస్తే ఉన్నట్టు.
రాయకపోతే ఈ రాత్రి ఈ మనిషి
భూమ్మీద ఎక్కడ లేనట్టు.
ఇరవై రెండు గంటల పది నిమిషాలు, రాసిన.
పేరు రాసిన.
ఒంటి మీద దూది ఉన్నదని గూడ రాసిన, ఎందుకో.
ఆమె చెప్పింది:
"నిర్బంధించుటకు తగిన ఆధారము చూపనందున,
ఈ విషయము మా పరిధిలోనిది కానందున..."
అదే మాట. పీనుగును పక్కకు జరిపినప్పుడు రాసిన మాటే,
అదే చేతిరాత.
ఈసారి పెన్ను రెండుసార్లు విదిలించిన.

"సరే, పంపుండ్రి మరి" అన్నడు వరండా ఆయన.
బయట సుమో లైట్లు వెలిగినయి,
గేటుకు సరిగ్గ ఎదురుంగ.
గేటు దాటితే రోడ్డు,
రోడ్డు ఎవరి లిమిట్సో ఏ మ్యాపుల లేదు.

తఫజ్జుల్ గేటు దాక పోయిండు.
లైట్లను జూసిండు.
మళ్లొచ్చిండు.
మిల్లుల నేర్సిన తెలుగుల అడిగిండు:
"సార్, లోపలనే పండుకుంటనా?"

ఏ తలుపెయ్యనని ఆమె పంతం పట్టిందో
ఆ తలుపు దిక్కే చెయ్యి జూపిచ్చిండు.
ఆమె నా మొఖం జూసింది.
నేను తాళం జూసిన.
దీనికి డైరీల ఏ కాలం లేదు.

తలుపు బార్లా తెరిచే ఉంచినం.
వాడు లోపల గోడకానుకొని,
నేను గడపకాడ కుర్సీల,
తాళంచెవి నా జేబుల బరువుగ.

పొద్దుగాల ఊడ్వొచ్చిన ఎల్లక్క
చీపురు ఆపి అడిగింది:
"ఈ దూది ఎవలది సారూ?"
బయట ఇంజను
ఇంక నడుస్తనే ఉంది.